నూకరత్నానికి గరిటె హోదా

జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ అతిథిగృహంలో విందు సామాను కడిగే నూకరత్నం, పోయిన శ్రావణ మాసంలో పైనుంచి వచ్చిన ఉత్తర్వుల ప్రకారం వెండి గరిటె అయింది. ఆ మాటకొస్తే అక్కడ ఇదేమంత వింత కాదు. అంతకు ముందు ఏడు వాచ్‌మన్ ఒకాయన గేటు అయ్యాడు. ఇప్పటికీ సక్రమంగా తెరుచుకుంటున్నాడు.

చిక్కంతా ఆమె చేతులతో వచ్చింది. విందు సామానంటే మాటలా! తెల్లదొరల నాటి వెండి ఫోర్కులు, దంతపు పిడుల కత్తులు, చేపకో కత్తి, మాంసానికో కత్తి. వాటిని కడిగే నిబంధనలు పటం కట్టించి వంటింటి గోడకు తగిలించారు. నీళ్ళలో నానబెట్టరాదు. సలసల కాగే నీళ్ళు పోయరాదు. పీచుతో రుద్దరాదు. ఉప్పూ పులుపూ అంటితే ఆలస్యం చేయరాదు. కడిగిన వెంటనే మెత్తని బట్టతో తడి అద్ది, ఒకదాన్నొకటి రాసుకోకుండా ముఖమల్ గూళ్ళలో పడుకోబెట్టి విశ్రాంతినివ్వాలి. నూకరత్నం ఇవన్నీ పొల్లుపోకుండా పాటించింది. కాకపోతే, కత్తి నానకుండా ఉండాలంటే కడిగే మనిషి నానాలి. ఆమె వేళ్ళ సందులు ఒరిసిపోయి, అరచేతులు పగిలి, అన్నంలో పులుసు కలుపుకుంటే ప్రాణం పోయేంత మంట పుట్టేది. చేపల పులుసంటే చెవి కోసుకునే మనిషి, ఉప్పులేని మజ్జిగన్నంతో రోజులు వెళ్ళదీసింది.

“కొన్నాళ్ళు తడి తగలనివ్వకమ్మా. లేకపోతే వేళ్ళు పనికిరాకుండా పోతాయి” అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఆమెను పనిలో పెట్టిన కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. సెలవు పెడితే మళ్ళీ రానక్కర్లేదన్నాడు. పాపం, ఆయన తప్పు మాత్రం ఏముంది? మనుషుల చేతుల గురించి గోడ మీద ఏమీ రాసి లేదు.

ఇంతలో సామాను తనిఖీ వచ్చిపడింది. ఒక వెండి గరిటె తగ్గింది. భోజనానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన ముచ్చటపడి పట్టుకుపోయాడని అందరికీ తెలుసు. కానీ పెద్దలు పట్టుకుపోరు కాబట్టి అది పోలేదు. పోలేదు కాబట్టి ఉండితీరాలి. కేర్‌టేకర్ జోగారావు తల పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. ఎదురుగా నూకరత్నం చేతులు ఊదుకుంటూ నిలబడి ఉంది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది ఆయనకి.

“నిన్ను లెక్కల్లో గరిటె కింద చూపిస్తాను నూకరత్నం. నీకేమైనా అభ్యంతరమా?”

“గరిటిని నీళ్ళల్లో నానబెట్టరు కదా బాబూ?”

“నానబెడితే నా ఉద్యోగం ఊడుతుంది.”

“అయితే నాకేటి అబ్బెంతరం! ఏలిముద్ర ఎక్కడెయ్యాలో సెప్పండి.”

“గరిటెలు వేలిముద్ర వెయ్యవమ్మా” అన్నాడు జోగారావు ఓపిగ్గా.

ఉత్తర్వు వచ్చింది. ఇంజనీర్లు అల్మారా కొలతలు పెంచారు. తనిఖీ అధికారి ఆమె మోచేతి మీద వేలితో తట్టి విని, మెరుగు కొంచెం తగ్గింది గానీ సామాను సరిపోయిందన్నాడు. ఖాళీ అయిన పనిలోకి ఆమె పక్కింటి ఎర్నమ్మ చేరింది. మొదటిరోజు ఎర్నమ్మ ఆమె చేతుల్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని బట్టతో అద్ది, కొబ్బరినూనె రాస్తుంటే నూకరత్నానికి కన్నీళ్ళు ఆగలేదు. బుద్ధెరిగాక తన చేతుల్ని ఇంకొకరు తుడవడం అదే మొదలు.

విందు రోజుల్లో ఆమెను బిర్యానీ పళ్ళెం పక్కన పడుకోబెడతారు. అతిథులు మణికట్టు దగ్గర పట్టుకుని వడ్డించుకుంటారు. ఎవరూ ఆశ్చర్యపోరు. ప్రభుత్వ సామాను బరువుగానే ఉంటుందని వాళ్ళకు తెలుసు.

ఆదివారం మొగుడు పైడయ్య చేపల పులుసు, అన్నం తెచ్చాడు. నూకరత్నం తన చేత్తో తానే కలుపుకుని, వేళ్ళు నాకుతూ తిన్నది. మంట లేదు. అతను ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసి, పెళ్ళినాటి చేతుల్లా ఉన్నాయని మురిసిపోయాడు.

“ఇంటికెప్పుడొత్తావే?”

“గరిటి గేటు దాటితే దొంగతనం అంటారయ్యా. నువ్వే వత్తుండు.”

అదీ నిజమే అనుకున్నాడు పైడయ్య. ఇల్లు చిన్నబోయిన మాట వాస్తవమే గానీ, చేతులు దక్కాయి. జోగారావుకు చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

దసరా విందుల నాటికి ఎర్నమ్మ చేతులు పగలడం మొదలుపెట్టాయి. ఒకరోజు తుడిచే బట్టకు నెత్తుటి చార అంటింది. నూకరత్నానికి ముందు బట్ట పాడైందని కంగారు పుట్టింది. తరవాత ఎర్నమ్మ మొహం చూసి జాలేసింది.

“దిగులు పడకే. నాకు జరిగిన మంచి నీకు జరగదేటి? పెద్దోళ్ళు వత్తానే ఉంటారు. ఎవులో ఒకరు ఏదో ఒకటి ఎత్తుకుపోకపోరు.”

“నిజంగానేనా వదినా?”

“నాను సాచ్చికం కాదేటి!”

ఆనాటి విందుకు చాలామంది పెద్దలు వచ్చారు. ఇద్దరూ దేవుడికి మొక్కుకున్నారు. కార్లన్నీ వెళ్ళిపోయాక ఎర్నమ్మ పగిలిన వేళ్ళతో ఫోర్కులు, కత్తులు, గరిటెలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నూకరత్నం గూట్లో పడుకుని తానూ లోలోపల లెక్కపెట్టింది.

అన్నీ ఉన్నాయి. ఎర్నమ్మ మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టింది.