బండెక్కిన బాల్‌రాజ్

ఆ ఆదివారం పొద్దున బాల్‌రాజ్ పెట్టుకున్న పని ఒక్కటే. ఎంకపల్లిలో టమాటా తోటకు నీళ్లు కట్టి, ఎండెక్కక ముందే ఇల్లు చేరడం. తోట పక్కనే తనకూ తమ్ముడు శ్రీకాంత్‌కూ ఉమ్మడిగా ఉన్న మెట్ట చెలక, అందులో రెండు నిలువుల ఎత్తు బండ. తీరా వెళ్లి చూస్తే ఆ బండ దగ్గర ఒక విదేశీ జంట! కింద మందపాటి పరుపు పరిచి, చేతులకు తెల్లపొడి రాసుకుని, బండను నిమురుతున్నారు. నిమిరిన చోటల్లా తెల్లటి గుర్తులు పడుతున్నాయి.

మొయినాబాద్ చుట్టుపక్కల తెల్లపొడి కనబడితే ఇంక ఆ నేల రైతుది కాదు. ఇవాళ ప్లాట్లకు ముగ్గు పోస్తారు, రేపు హద్దురాళ్లు పాతుతారు, ఎల్లుండి కమాను కట్టి మనకు నోరు తిరగని పేరు పెడతారు. చూస్తూ ఊరుకోవడానికి ఇదేమన్నా ఊరుమ్మడి సొత్తా?

"ఎవరు మీరు? ఎవల్ని అడిగి ముగ్గు పోస్తున్నరు?"

వాళ్లకు తెలుగు రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఆమె నవ్వుతూ ఫోన్‌తో తన భాషలో ఏదో చెప్పింది. ఫోన్ చక్కటి పుస్తకాల తెలుగులో పలికింది: "నమస్కారం. ఈ బండ మాకు ఎంతో నచ్చింది. శ్రీకాంత్ గారు అంగీకరించారు."

అంగీకరించాడా! బాల్‌రాజ్ అప్పటికప్పుడు తమ్ముడికి ఫోన్ కొట్టాడు.

"చెలక అమ్ముకున్నవారా? నాకొక్క మాట చెప్పకుంట?"

"అన్నా, చేవెళ్ల మార్కెట్ల ఉన్న, ఏం వినొస్తలేదు. వచ్చి మాట్లాడ్త" అని శ్రీకాంత్ పెట్టేశాడు.

తప్పు చేయనివాడు ఫోన్ పెట్టేస్తాడా? బాల్‌రాజ్ చెప్పులు విడిచి, పళ్లు కొరుకుతూ, పట్టు దొరికిన చోటల్లా పట్టుకుని బండెక్కేశాడు. పైన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. విదేశీయులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో ఒళ్లు ఇంకాస్త మండింది.

"ఎవడు రిజిస్ట్రీ చేయించుకుంటడో నేనూ చూస్త! ఇయ్యాల్టి సంది వాడు నాకు తమ్ముడే కాదు!"

ఆ కేకకు చుట్టుపక్కల చేలల్లో వాళ్లంతా పని వదిలి వచ్చారు. కాసేపటికి, మార్కెట్‌కు తీసుకెళ్లిన క్యారెట్ బస్తాలు అమ్మకుండానే శ్రీకాంత్ వచ్చాడు. తను తమ్ముడే కాదన్న మాట దారిలోనే నలుగురు అతనికి చేరవేశారు.

"నేనేం అమ్మలేదన్నా. పొద్దుగాల చేవెళ్ల బస్టాండ్ల వీళ్లు కలిసిర్రు. ఫోన్ చెప్పే తెలుగు ఎవ్వలికీ సమజైతలేదని గోడ పట్టుకొని పాకి చూపెట్టిర్రు. ఎక్కనీకి బండ కావాలంట, గంతే. చేతులు జారకుంట ఆ పొడి రాసుకుంటరంట. మన బండకు తొవ్వ చెప్పి పంపిన" అన్నాడు. ముఖం మాత్రం చిన్నబోయి ఉంది.

బాల్‌రాజ్‌కు సిగ్గేసింది. గబగబా దిగబోయాడు. కోపంలో కనబడని ఎత్తు ఇప్పుడు కనబడింది. మళ్లీ వెనక్కి జరిగాడు. విదేశీయుడు చకచకా పైకి పాకి, అతని చెమట చేతుల నిండా ఆ తెల్లపొడి పోసి, అంచు పట్టుకోమని సైగ చేశాడు. బాల్‌రాజ్ అంచు పట్టుకుని వేలాడాడు. కింద నుంచి ఫోన్ మర్యాదగా పలికింది: "దయచేసి పడండి. మేము సిద్ధంగా ఉన్నాము."

"నేను పడ! నా చెలకల, నా బండ మీదికెళ్లి నేనెందుకు పడాలె?"

శ్రీకాంత్ వచ్చి బండకు ఆనుకుని నిలబడ్డాడు. "భుజం మీద కాలు పెట్టన్నా."

బాల్‌రాజ్ కాలు పెట్టాడు. మరుక్షణం పట్టు తప్పి తమ్ముడి మీదికే జారాడు. అతన్ని వాటేసుకున్నాడు. ఇద్దరూ కలిసి పరుపు మీద దబ్బున పడ్డారు. మళ్లీ చప్పట్లు. శ్రీకాంత్ లేచి తన నల్ల చొక్కా చూసుకున్నాడు. భుజాల మీద, ఛాతీ మీద, అంతటా అన్న చేతుల తెల్లటి ముద్రలు.

"నన్ను గూడ ప్లాట్లు కొట్టినవా అన్నా?"

పరుపు ఇంత పలచగా ఉంటే ఎట్లా అని బాల్‌రాజ్ ఆ విదేశీయుల మీద కేకలేశాడు.