స్మిత్‌గిల్ వారి సమావేశం

శనివారం ఉదయం విల్‌ఫ్రెడ్ స్మిత్‌గిల్ చర్చి హాల్లో కుర్చీలు సర్దుతున్నాడు. యార్క్‌షైర్‌లో వాళ్ళ లోయ దాటితే ఆ ఇంటిపేరు వినబడదు. లోయలోనూ ఇప్పుడు అతని ఇల్లొక్కటే మిగిలింది. కూతురు హిలరీ వచ్చే నెల కాలిన్ క్లెగ్‌ని పెళ్ళాడి క్లెగ్ అయిపోతుందని అతని బెంగ. ఎక్కడెక్కడి స్మిత్‌గిల్‌లనో పోగుచేసి చూపిస్తే పిల్ల ఇంటిపేరు వదులుకోదని తండ్రి ఆశ. అందుకే ఆ ఇంటిపేరు వాళ్ళంతా రావాలనీ, టీ, శాండ్‌విచ్‌లు ఉచితమనీ పత్రికలో ప్రకటన ఇచ్చాడు.

కాసేపట్లో హాలు కిటకిటలాడింది. విల్‌ఫ్రెడ్ కళ్ళు చెమర్చాయి.

"చూశావా ఎడ్నా? అంతా మనవాళ్ళే!" అన్నాడు భార్యతో.

"ఎవరివాళ్ళో గానీ బ్రెడ్డు అయిపోయింది. బయట ఇంకో బస్సు ఆగింది," అంది ఎడ్నా.

అతను కుర్చీ ఎక్కి ఉపన్యాసం అందుకున్నాడు. "పూర్వం ఈ గిల్‌లో, అంటే మన కొండవాగు పక్కన, కొలిమి పెట్టుకున్న కమ్మరి మన మూలపురుషుడు..."

"గిల్ ఎవడు?" అన్నాడు ముందువరసలోని లావుపాటాయన. "మేం ఉత్త స్మిత్‌లం."

పత్రిక తెప్పించి చూస్తే అచ్చులో 'గిల్' ఎగిరిపోయింది.

"పొరపాటైంది. దయచేసి వెళ్ళిపోండి!"

"ఎందుకెళ్ళాలి? మా ముత్తాతా కమ్మరే. వాగు లేకపోతే చుట్టరికం తెగిపోద్దా?"

ఇంతలో గుమ్మంలోంచి ఎవరో కేకేశారు. "మిస్టర్ స్మిత్! మీ కారు దారికి అడ్డంగా ఉంది, తీయండి!"

సగం హాలు లేచి గుమ్మం మీద పడింది. ఆ తోపులాటలో టీ డ్రమ్ము బోర్లాపడింది. నెత్తిన శాండ్‌విచ్‌లోని దోసకాయ ముక్కతో విల్‌ఫ్రెడ్ గావుకేక పెట్టాడు.

"స్మిత్‌గిల్‌లు తప్ప అందరూ బయటికి!"

హాలు ఖాళీ అయింది. భార్య, కూతురు మిగిలారు. మూలన శాండ్‌విచ్ పట్టుకుని కాలిన్.

"నీకు వేరే చెప్పాలా?" అన్నాడు విల్‌ఫ్రెడ్, నీరసంగా.

"నేనెందుకెళ్తానండీ? పెళ్ళయ్యాక నేనే స్మిత్‌గిల్ అవుతున్నా. మా ఊళ్ళో క్లెగ్ అంటే గుర్రాల మీద వాలే ఈగ. బళ్ళో ఏళ్ళ తరబడి నన్ను చూసి జుయ్యిమన్నారు."

"మీరు అడిగితే కదా చెప్పడానికి," అంది హిలరీ.

విల్‌ఫ్రెడ్ కాబోయే అల్లుణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. తరవాత, తరిమేసిన అతిథులు గుర్తొచ్చి, వెనక్కి పిలుద్దామని బయటికి పరుగెత్తాడు.

ఎదుటి పబ్బులో అప్పటికే స్మిత్‌ల సంఘం ఏర్పడి, అధ్యక్షుడి ఎన్నిక కూడా పూర్తయింది.