ఎర్ర బొంత కింద సినిమా

భార్య సైమి డెబ్బయ్యో పుట్టినరోజున పొద్దున్నే కలేర్వో వేసుకున్న పథకం చిన్నదే. ఆవిడ పట్నం వెళ్ళి, జుట్టు కత్తిరించుకుని నాలుగింటి బస్సుకు తిరిగొచ్చేలోగా సినిమా ముగించాలి. ఊరివాళ్ళు అడ్డం రారు. ఎందుకంటే సైమి ముందే పత్రికలో ప్రకటన వేయించింది: "పుట్టినరోజున ఊళ్ళో ఉండను." ఆ సరస్సు ఒడ్డు పల్లెల్లో దాని అర్థం అందరికీ తెలుసు. మనిషి ఇంట్లోనే తెరలు వేసుకుని కూర్చుంటుంది, కాఫీకి ఎవరూ రావద్దని మర్యాదగా చెప్పడమన్నమాట.

సినిమా అంటే ఇంటి వీడియోలే. పడవలో సైమి, అడవిలో పళ్ళు ఏరుతున్న సైమి, కెమెరా మీదికి గరిటె విసిరిన సైమి. చిట్టచివర కలేర్వో గొంతుతో ఒక్క వాక్యం. జీవితమంతా పాల లారీ నడిపిన ఆ మనిషి భార్యతో అలాంటి మాట ఎన్నడూ అనలేదు. ఎదురుగా నిలబడి చెప్పమంటే గడ్డకట్టిన సరస్సు కింద ఈదుకుంటూ అవతలి ఒడ్డున తేలేవాడు గాని, నోరు మాత్రం విప్పేవాడు కాదు. అందుకే కట్టెల కొట్లో దాక్కుని రికార్డు చేశాడు. అదీ సగం రోజు దగ్గాక.

కూతురు పారేయబోతుంటే తెచ్చుకున్న ముసలి ల్యాప్‌టాప్ అతనిది. మీట నొక్కి, కాఫీ కాచుకుని తాగి, కప్పు కడిగి బోర్లించి వచ్చినా దాని తెర మీద బాణం గుర్తు ఇంకా ప్రయాణం కట్టేది కాదు. అయినా చలికాలమంతా కూర్చుని ముక్కలు కోసి అతికించాడు. అన్నీ కలిపి ఒకే సినిమాగా తయారుచేయమని ఆజ్ఞాపించడమొక్కటే మిగిలింది. ఆజ్ఞ అందుకున్న యంత్రం గడ్డి ఆరబెట్టే మిషనులా హోరెత్తి, పైన రొట్టె కాల్చుకునేంత వేడెక్కి, కళ్ళు మూసింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అంతే.

కలేర్వో కిటికీలోంచి చూశాడు. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. ఇంత చలి ఊరికే వృథా అవుతోందే అనిపించింది. కరెంటు తీగను గుమ్మం దాటించి, ల్యాప్‌టాప్‌ను మెట్ల పక్కన మంచు మీద తోసుకుపోయే కుర్చీబండిలో కూర్చోబెట్టాడు. అది చల్లబడి బుద్ధిగా పని మొదలుపెట్టింది. మెరిసే వస్తువంటే కాకులు వదలవు కాబట్టి తానూ సైమి ఎర్ర బొంత కప్పుకుని మెట్టు మీద కాపలా కూర్చున్నాడు. గాలికి కళ్ళలో నీళ్ళు కారి మీసం మీద గడ్డకట్టాయి.

పక్కింటి లెంపి అటుగా వచ్చి ఆగింది. కలేర్వో గబుక్కున బొంత లాగి ల్యాప్‌టాప్ మీద కప్పేశాడు.

"ఏం కలేర్వో, బయట కూర్చున్నావ్?"

"ఊరికే."

"సైమి ఏదీ?"

"వెళ్ళింది."

లెంపి బొంతను చూసింది, మీసాన్ని చూసింది. ఆ ఊళ్ళో మూడో ప్రశ్న అడగడమంటే పరాయివాళ్ళ బీరువా తెరవడమే. అడగలేదు. పత్రికలో ప్రకటన గుర్తొచ్చింది. అందరూ వేసే అబద్ధమే అనుకున్నారు గాని, పాపం, సైమి నిజమే వేయించింది, మొగుణ్ణి వదిలి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక కలేర్వో బొంత ఎత్తి చూస్తే, వేడికి యంత్రం స్పృహ తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాడు. అది సగానికి వచ్చేసరికి లెంపి చేపల రొట్టె పట్టుకుని తిరిగొచ్చింది. బొంత కప్పాడు. స్పృహ తప్పింది.

తర్వాత మంచు ఎత్తే ట్రాక్టరు తువోమో వచ్చాడు. టోపీ తిప్పుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

"వసంతం వస్తుందిలే," అన్నాడు.

"వస్తుంది," అన్నాడు కలేర్వో, బొంత గట్టిగా పట్టుకుని.

ఆ తర్వాత పాస్టరమ్మ, వెనక చర్చి పాటల బృందం.

"మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, కలేర్వో."

"అనిపించట్లేదు."

"సరే, కలిసి ఊరుకుందాం," అంటూ ఆవిడ బొంత కొంగు మీదే కూర్చుంది. ఇక లాగడానికి లేదు.

మూడు దాటేసరికి వాకిలి నిండా జనం, మంచు మీద వరసగా రొట్టెలు, ఫ్లాస్కులు. కష్టంలో ఉన్నవాణ్ణి వదిలి ముందుగా కదిలేదెవరు? వీళ్ళకి ప్రకటన చదవడం రాదా అని కలేర్వో లోలోపల ఉడికిపోయాడు గాని, అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

నాలుగింటి బస్సు దిగి, కొత్త జుట్టుతో సైమి వచ్చింది.

"ఎవరు పోయారు?"

"నువ్వే," అంది లెంపి. "అంటే... వెళ్ళిపోయావనుకున్నాం. పత్రికలో వేశావుగా."

"జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళానే తల్లీ. ప్రకటనంటావా... పిలిస్తే ఎవరూ రాకపోతే బాగోదని, నేనే రావద్దన్నాను."

సైమి చూపు బొంత మీద పడింది.

"నా బొంత మంచులో ఏం చేస్తోందయ్యా?"

పాస్టరమ్మ లేచింది. కలేర్వో బొంత తీశాడు. యంత్రం నిశ్చింతగా నిద్రపోతోంది. అలవాటు కొద్దీ మళ్ళీ మీట నొక్కాడు.

"సినిమా. నీకోసమే. అవలేదు."

"అందులో ఏముంది?"

"నువ్వున్నావు. చివర్న నేను మాట్లాడతాను."

"నువ్వా?" అన్నాడు తువోమో. వాకిట్లో జనమంతా ఒక అడుగు ముందుకేశారు.

"ఏమని?" అంది సైమి.

కలేర్వో యంత్రం వైపు చూశాడు. సాయం చేసే ఉద్దేశం దానికి లేదు. కట్టెల కొట్టు దూరంగా ఉంది. చర్చి బృందం దారికి అడ్డంగా ఉంది.

"నువ్వు లేకపోతే నాకు బతకడం చాతకాదు, సైమీ."

ఆ క్షణాన సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పగిలిన చప్పుడు విన్నానని తువోమో ఈనాటికీ ఒట్టేసి చెబుతాడు. సైమి కొత్త జుట్టు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది.

"ఇంతోటిదానికి బొంత తడపాలా?" అంది. "రండి, అందరూ లోపలికి రండి. ఆ రొట్టెలు తెండి. కాఫీ పెడతాను."

ఇల్లు పట్టలేదు. మంచం మీద కోట్లు కుప్పపడ్డాయి, కప్పులు చాలక తువోమో పూలకుండీలో తాగాడు, పాటల బృందం తెలిసిన పాటలన్నీ అయిపోయి మొదటికొచ్చింది. తెరలు తీసేసిన కిటికీ పక్కన సైమి కూర్చుంటే, వచ్చినవాళ్ళంతా ఆవిడ జుట్టు మెచ్చుకున్నారు.

అందరూ వెళ్ళాక కలేర్వోకి ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది. బయటికెళ్ళి మీద పడిన మంచు దులిపి చూశాడు. ఓదార్చడానికి ఎవరూ దగ్గర లేకపోవడంతో అది సినిమా పూర్తి చేసింది.