వంకర రెక్క, ఒక్క చినుకు

తలుపులన్నియు బిగించినను ఎక్కడినుండియో చలిగాలి చొరబడు మూడవ అంతస్తు ప్రయోగశాలయందు, టీ త్రాగిన కప్పులింకను కడుగబడని శుభముహూర్తమున, కృత్రిమమేఘనిర్మాణధురంధర, నిద్రాహారపరిత్యాగధీర, మాసిన తెల్లకోటు దాల్చిన పరిశోధకురాలు తన గాజుపెట్టె యెదుట నిలిచెను. పెట్టెలో బిందెడు మేఘము. ఆ మేఘమున లెక్కకందని నీటిబిందువులు. వానిలో ఒక్కటియైనను పెరిగి చినుకై రాలవలయును. రాలనిచో సాయంకాలమునకు పెట్టె పాతసామానుల గదికి, ఆమె యేండ్ల తపస్సు బూడిదపాలు. ఇట్లు శాసించి, కేశరహితమస్తకప్రభాభాసురుడగు డైరెక్టరు కుర్చీలో ఆసీనుడయ్యెను.

"ఏమ్మా, వానెప్పుడు?"

"ఒక్క నిమిషం సార్."

"పొద్దుట్నుంచీ అదే నిమిషం నడుస్తోంది."

నిన్న తానొక్కతె చూచుచుండగా రాలిన చినుకు నేడేల రాలదు? బిందువులన్నియు సమానకాయములై, సమానవేగములై, ఒకే మేడలో నుండి పలుకరించుకొనని పొరుగువారివలె ఎడమెడముగా తేలుచుండెను. గాలి సుడులు తిరిగి త్రోసినగదా ఒకటి యొకటిపై బడి, కలిసి, బరువెక్కి, క్రిందికి దిగునది! ఆమెకు ఏడుపు వచ్చెను. ఏడ్చుటకు తీరిక లేదు.

అంతట ఒక విచిత్రము తోచెను. పెట్టెలోని బుల్లి ఫ్యాను, పుట్టి బుద్ధెరిగి గడగడలాడక తిరుగనిది, నేడు సడి లేక తిరుగుచున్నది!

"బావా! ఫ్యాను ముట్టుకున్నావా?"

స్క్రూడ్రైవరుపాణి, ప్రయోగశాల మెకానిక్కు, సాక్షాత్తు ఆమె అక్క మగడు చిరునవ్వు నవ్వెను. "ముట్టుకోవడమేంటి మరదలా, బాగుచేశా! రెక్క వంకరగా ఉంటే సాపు చేసి, నూనె కూడా వేశా."

"నీ పనితనం తగలెయ్య! గాలిని చిలికేది ఆ వంకరే!"

ఫ్యానునాపి, పెట్టె ప్రక్కనున్న రబ్బరు తొడుగులోనికి చేయి దూర్చి, ఆ వీరనారి రెక్కను పట్టి గర్జించెను: "ఓరి రెక్కా! బుద్ధిమంతుడవై నా కొంప ముంచితివి. వంగుము!"

వంగెను. మీట నొక్కగనే గడగడ గడగడ! సుడిపై సుడి లేచెను. బిందువు బిందువును గ్రుద్దెను; గ్రుద్దినది మ్రింగెను; మ్రింగినది లావెక్కెను. డైరెక్టరు కుర్చీ దిగి గాజుకు ముక్కానించెను. అప్పుడు, పెట్టె యడుగున పరచిన నల్లపలకపై, టప్పుమనుటకైనను శక్తిచాలని ఒక్క చినుకు పడెను.

"అయ్యో, తడైంది. తుడిచేస్తా ఉండు," అని బావ గుడ్డ తీసెను.

"చెయ్యి విరిచేస్తా!" అని ఆమె అతని మణికట్టు పట్టెను.

డైరెక్టరు కళ్లద్దములు తుడుచుకొని చాలసేపు చూచెను. "చిన్నదే. కానీ చినుకే. పెట్టె ఉండనీ."

ఇట్లు నువ్వుగింజకు సరితూగని జలరాశిచే మహాసంగ్రామము ముగిసెను. ఆ సాయంకాలము పాతసామానుల గదికి ఊరేగింపుగా వెడలినది బావగారి నూనెడబ్బా ఒక్కటే.