కొండమెట్ట కాలనీ నీటి సరఫరా

కొండమెట్ట కాలనీకి మూడేళ్లుగా మంచినీళ్లు పొట్నూరు ధర్మారావు రక్తపోటు మీద ఎక్కుతున్నాయి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆయన తన ఇంటి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. మెడ వెనక ఒక క్లిప్పు, క్లిప్పుకు ఒక వైరు. వైరు రెండో కొస వీధి చివర వాల్వు గదిలో ఉంటుంది. ఆయన బీపీ నూట ఎనభై దాటితే కొండ మీద ఆఖరి వీధిదాకా నీళ్లు వస్తాయి. నూట అరవై దగ్గర ఆగిపోతే పై రెండు వీధులవాళ్లు బిందెలు పట్టుకుని దిగివచ్చి, గేటు ముందు నిలబడి, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

ఇందులో వింతేమీ లేదు. మోటారు కాలిపోయింది. కొత్తదాని కోసం రాసిన కాగితం పైకి వెళ్లింది, వెళ్లినది తిరిగి రాలేదు. ఆ రోజుల్లో నీటి విభాగం ఏఈ జోగారావు తనిఖీకి వచ్చాడు. ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా పనిచేసే ధర్మారావు డ్యూటీ దిగి ఇంటికొచ్చి, స్నానానికి చుక్క నీరు లేక, వీధిలోని పైపు పట్టుకుని ఏఈ మీద విరుచుకుపడ్డాడు. పైపుకున్న మీటరులో ముల్లు కదిలింది. జోగారావు తిట్లను పట్టించుకోలేదు, ముల్లునే చూశాడు. వారంలోపు వైరు వచ్చింది, తాత్కాలిక ఏర్పాటు అని ఉత్తర్వూ వచ్చింది. దాన్ని ఆరు నెలలకోసారి పొడిగిస్తూ వస్తున్నారు. మన దగ్గర నిజంగా నిలిచేవి తాత్కాలికమైనవే.

క్లిప్పు ఎక్కడ పెట్టాలో చెప్పింది మాత్రం డాక్టర్ నిర్మల. చెప్పాలని ఆవిడ అనుకోలేదు, పాపం. ధర్మారావుకు జబ్బు సంగతి వివరిస్తుంటే, తోడుగా వచ్చిన జోగారావు విన్నాడు.

"మెదడు అడుగున, మెడ మొదలయ్యే చోట ఒక చిన్న కేంద్రం ఉంటుందండీ. పులి కనిపించినా, పై అధికారి ఫోను చేసినా అక్కడినుంచి ఒకటే హుకుం. నరాలు దాన్ని పట్టుకెళ్లి గుండెను తొందరపెడతాయి, రక్తనాళాలను బిగిస్తాయి, ఉప్పు వదలొద్దని కిడ్నీలకి చెబుతాయి. పులి వెళ్లిపోగానే హుకుం రద్దవ్వాలి. మీకు పులి వెళ్లట్లేదు."

"అయితే క్లిప్పు సరిగ్గా అక్కడే పెట్టాలన్నమాట," అన్నాడు జోగారావు. రాసుకున్నాడు కూడా.

పులిని సరఫరా చేసే బాధ్యత కాలనీ సంఘం తీసుకుంది. అధ్యక్షుడు కూర్మనాథం వంతులు వేశాడు. ఒకరు గేటుకు అడ్డంగా స్కూటరు పెట్టి తాళం వేసుకుని పోవాలి. ఒకరు వచ్చి, నిన్న సాయంత్రం బస్సెందుకు రాలేదండీ అని అడగాలి, ఆయన చెప్పిన జవాబు వినకుండా మళ్లీ అదే అడగాలి. వేసవిలో వాడకం ఎక్కువ కాబట్టి టీవీలో నలుగురు ఒకేసారి అరుచుకునే చర్చ పెట్టి రిమోట్ పట్టుకుపోయేవారు. అన్నిటికన్నా బాగా పనిచేసింది ఫోను. ఫలానా సేవ కోసం ఒకటి నొక్కండి అనే గొంతు తొమ్మిది దాకా నొక్కించి మళ్లీ మొదటికి తెచ్చేసరికి కొండ మీద ట్యాంకులు పొర్లిపోయాయి.

ఏడాది తిరిగేసరికి ఎవరూ ఏమీ చేయనక్కర్లేకుండా పోయింది. ఆరవుతోందంటేనే ఆయన బీపీ ఎక్కడం మొదలుపెట్టేది. డాక్టరమ్మ తల పట్టుకుంది. మెడలోని రక్తనాళాల్లో కాపలావాళ్లుంటారని, పోటు పెరిగితే తగ్గించమని మెదడుకు కబురు పంపడం వాళ్ల పని అని, రోజూ ఇదే చూసి చూసి ఇదే మామూలు కాబోలనుకుని వాళ్లు నోరు మూసుకున్నారని చెప్పింది. నీటి విభాగం కూడా ఆ నెలలోనే నూట ఎనభైని సాధారణ స్థాయిగా నమోదు చేసుకుంది. కాపలావాళ్లను ఏమనగలం?

ఒకసారి ధర్మారావు నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్చుకున్నాడు. మూడో రోజున కూర్మనాథం వచ్చాడు.

"ఏటండీ, ఊపిరి నెమ్మదిగా తీస్తన్నారంట? కంప్లయింటొచ్చింది."

"డాక్టరమ్మ తియ్యమందండీ."

"తియ్యండి, ఎవరొద్దన్నారు? ఎనిమిది దాటాక తియ్యండి. మాత్ర కూడా అప్పుడే వేసుకోండి. పైవీధిలో పెళ్లుంది, మీకు తెలీదేటి?"

ఒళ్లు మండే మాట. కాని ధర్మారావు ఒళ్లు మండితే వాళ్లకే లాభం కాబట్టి మండటం కూడా ఆయన చేతిలో లేదు.

మార్చి నెల రెండో వారంలో ఒక ఉదయం ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఎడమ చేయి మాట వినలేదు. వేళ్లు గుండీ మీదే ఉన్నాయి, కదల్లేదు. నోట్లో మాట ముద్దయింది. పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. భార్య వరహాలమ్మ ఆటో పిలిచి, ఫైలు చంకన పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"ఇది నోటీసు," అంది డాక్టర్ నిర్మల. "ఇంకోసారి నోటీసు ఇవ్వదు. వైరు తీసేయాలి, ఇవాళే."

తొలగింపు దరఖాస్తు వరహాలమ్మే రాసింది, డాక్టరు చీటీ జతచేసింది, తానే వెళ్లి ఇచ్చింది. రెండో రోజు జవాబు వచ్చింది. వినియోగదారుడి ఆరోగ్యం పట్ల విభాగానికి ఎంతో శ్రద్ధ ఉందనీ, ప్రత్యామ్నాయం దొరికిన వెంటనే విడుదల చేస్తామనీ, అందాకా సహకరించాలనీ ఉంది అందులో. ఆరున్నర వేల బిందెలకు సరిపడే మనిషిని వెతకడం మాటలా అని జోగారావు నిజంగానే నొచ్చుకున్నాడు. మంచివాడే. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కంతా.

మరునాడు వసారాలో పరీక్షలు పెట్టారు. ధర్మారావును లోపల మంచం మీద పడుకోబెట్టి, జోగారావు మీటరు ముందేసుకుని కూర్చుంటే, క్లిప్పు వంతులవారీగా ఒక్కొక్కరికి తగిలించారు. మీటింగులో బల్లలు గుద్దే కూర్మనాథం నూట ముప్పై దాటలేదు. కోర్టుల చుట్టూ ఇరవై ఏళ్లు తిరిగిన ప్లీడరు గుమస్తా ఉత్సాహంగా కూర్చున్నాడు కాని కొండ కింద మొదటి కుళాయి వరకే వచ్చింది నీరు. కాలనీ ముఖాలు వాడిపోయాయి. మళ్లీ ధర్మారావునే కూర్చోబెడదామా, ఒక్క వేసవికి, అని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడుకు తలలు ఊగడం మొదలైంది.

అప్పుడు వరహాలమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది. మూడేళ్లుగా ఆ వసారాకు వచ్చినవాళ్లందరికీ ఆవిడే కాఫీ ఇస్తోంది, స్కూటరు అడ్డం పెట్టినవాడితో సహా. క్లిప్పు తడి నేల మీద పడి ఉంటే, ఎవరికైనా షాకు కొడుతుందని తీసి పట్టుకుంది.

మీటరు ముల్లు చివరి గీత దాకా వెళ్లి, దాన్ని దాటే చోటు లేక అక్కడే వణికింది. కొండ పైనుంచి ఎవరో కేక వేశారు, నీళ్లొచ్చేశాయని.

జోగారావు మీటరును వేలితో తట్టి చూశాడు. బాగానే ఉంది.

"అమ్మా, మీరెప్పుడైనా బీపీ చూపించుకున్నారా?"

"లేదు బాబూ."

"ఇరవైసార్లు ఆస్పత్రికెళ్లుంటారు కదమ్మా?"

"ఆయనకి తోడెళ్లాను. తోడొచ్చినోళ్లకి చూడరు కదా."

"తలనొప్పీ, కళ్లు తిరగడం లాంటివి..."

"ఉన్నాయని కూకుంటే పనెలాగవుద్ది?"

లోపల మంచం మీదనుంచి ధర్మారావు గొంతు వినిపించింది. "దానికేటీ లేదండీ. దానికసలు కోపమే రాదు. ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు, కావాలంటే ఎవర్నైనా అడగండి." పెళ్లాన్ని మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడాయన. మీటరు ముల్లు వరహాలమ్మకు కనపడలేదు గాని, అందరి ముఖాలు చూసి విషయం అర్థం చేసుకుంది.

"నన్ను పెడితే ఆయన్ని వదిలేస్తారా?"

"ఇప్పుడే వదిలేస్తాం," అన్నాడు కూర్మనాథం, జోగారావు నోరు తెరవకముందే. "మిమ్మల్ని ఎవరూ విసిగించరండీ, ఆ పూచీ నాది. స్కూటర్లు, ఫోన్లు ఏటీ ఉండవు. ఇంట్లో రోజూ ఎలాగుంటారో అలాగే ఉండండి, చాలు."

ఆ మాట అందరికీ నచ్చింది. డాక్టరుకు చెప్పాలా అని ఒకరిద్దరు అనుకున్నారు. కాని ఆవిడ జబ్బున్నవాళ్లకు కదా డాక్టరు, ఈవిడకు జబ్బున్నట్టు ఏ ఫైలులోనూ లేదు. లోపల ధర్మారావుకు బీపీ చూస్తే నూట నలభైకి దిగింది. ఆయన చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

జోగారావు ఫారం మీద పేరు మార్చి ఆమె సంతకం తీసుకున్నాడు. ఆమెకు ఒకే సందేహం ఉంది.

"ఆరు నుంచి ఎనిమిదంటే నాకు వంటేళ బాబూ. ఇక్కడ కుర్చీలో కూకోమంటే ఎలాగ?"

జోగారావు వైరు చుట్ట విప్పి, వసారా నుంచి గుమ్మం మీదుగా లోపలికి కొలుచుకుంటూ వెళ్లి, నవ్వుతూ బయటికొచ్చాడు.

"కూర్చోనక్కర్లేదమ్మా. పొయ్యిదాకా వస్తుంది."

వరహాలమ్మ సరేనని, ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లింది.