పన్నెండోసారి

ఆ గురువారం పొద్దున నాగవల్లి వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. పది గంటలకు ఉల్లిగడ్డల మొహియుద్దీన్‌కు అతని పెన్‌డ్రైవ్ ఇచ్చి వదిలించుకోవాలి. పదకొండింటికి మందుల ఫ్యాక్టరీలో రెండో పెన్‌డ్రైవ్ అప్పజెప్పాలి. ఒంటిగంటకల్లా ఏడాది కాంట్రాక్టు కాగితం బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చి, దాన్ని అత్తగారి కళ్ళజోడు ముందు పరచాలి. ఆరేళ్ళుగా నాగవల్లి ఎదురుచూస్తున్నది ఆ ఒక్క కాగితం కోసమే.

నాగవల్లిది గొంతుతో చేసే పని. పటాన్‌చెరు వీధుల్లో ట్రాలీ ఆటోల మీద "పాత ఇనుము కొంటాం, విరిగిన కుర్చీలు కొంటాం" అంటూ తిరిగే గొంతు ఆమెదే. చీరల ఎగ్జిబిషన్‌కు రమ్మన్నా, ఉచిత దంత వైద్య శిబిరానికి రమ్మన్నా ఆమే రమ్మనాలి. స్టూడియో అంటే పడకగదిలోని చెక్క బీరువా. పెళ్ళినాటి పట్టుచీరల మధ్య ముడుచుకు కూర్చుని, తలుపు దగ్గరికి లాక్కుని, మైకు మోకాళ్ళ మధ్య పెట్టుకుని రికార్డు చేస్తుంది. బయటి శబ్దం లోపలికి రాదు. లోపలి శబ్దం మాత్రం వంటింటి దాకా వెళ్తుంది.

"బీరువాలో కూర్చుని పాత ఇనుము కొంటానని అరిచే కోడలు మన వంశంలో నువ్వే మొదటిదానివే అమ్మాయ్" అంటుంది అత్తగారు నాగరత్నం. భర్తకు ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చినప్పుడు తెనాలి నుంచి ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళయినా, సంతకం పెట్టిన కాగితం లేనిదాన్ని ఆవిడ ఉద్యోగంగా ఒప్పుకోదు.

అప్పటికి నాగవల్లి ప్రాణం తీస్తున్న క్లయింట్లు ఇద్దరు. మొదటివాడు ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ పవన్‌కుమార్. ప్రమాదం వచ్చిందని ఉత్తుత్తిగా ప్రకటించి కార్మికులను బయటికి రప్పించే మాక్ డ్రిల్లులో అతని ఫ్యాక్టరీ మూడుసార్లు తప్పింది. జనం టీ తాగడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, పద్నాలుగు నిమిషాలకు గానీ బయటికి రాలేదు. లోపం గొంతులో ఉందని అతని నమ్మకం. అప్పటిదాకా ఉన్న గొంతు అతనిదే.

"టెన్షన్ ఉండాలె మేడమ్, భయం ఉండొద్దు. జనం జల్దీ రావాలె, తొక్కుకోవద్దు. అమ్మ పిలిచినట్టు ప్రేమ ఉండాలె, పోలీసు చెప్పినట్టు గట్టిగ ఉండాలె" అంటూ ఏడుసార్లు మార్పించాడు. చివరికి నాగవల్లి ప్రేమను పక్కనపెట్టి, ముందు ఒక సైరన్ తగిలించి, "విషవాయువు లీకయింది. సామాన్లు ముట్టుకోకుండా వెంటనే బయటికి రండి. గాలికి ఎదురు దిశలో వెళ్ళండి" అని చదివేసింది. వింటుంటే ఆమెకే బీరువాలోంచి బయటికి పరుగెత్తాలనిపించింది.

రెండోవాడు మొహియుద్దీన్. అతని భార్య ఆలంబీ ముప్పై ఏళ్ళు ఉల్లిగడ్డల గంప నెత్తిన పెట్టుకుని ఈ గల్లీల్లో పిలుస్తూ తిరిగిన మనిషి. నిరుడు గొంతుకు ఆపరేషనై మాట పోయింది. ఇప్పుడు ట్రాలీ ఆటో వెనక కాంటా పక్కన కూర్చుంటుంది. ఆమె పిలిచినట్టే పిలవాలని మొహియుద్దీన్ కోరిక. నాగవల్లి రికార్డు చేయడం, ఆలంబీ కళ్ళు మూసుకుని వినడం, తల అడ్డంగా ఊపడం. చేత్తో గాలిలో ఒక పొడవాటి గీత గీసి, చివర మెల్లగా కిందికి దించి చూపేది.

"మస్తుంది బేటీ. గిట్ల గాదు గని" అనేవాడు మొహియుద్దీన్. పదిసార్లూ అదే మాట.

బుధవారం సాయంత్రం పదకొండోసారి అతను ఒక్కడే వచ్చాడు, ఆలంబీ ఆసుపత్రికి వెళ్ళిందట. "అమ్మా... ఓ అక్కా... చేతిల పని గట్లనే ఇడిచిపెట్టి బయటికి రాండ్రి. ఎర్ర ఉల్లిగడ్డ వచ్చింది. ఉరకకుండ్రి, నెట్టుకోకుండ్రి. అందరికీ దొరుకుతది." ఈ పిలుపు విన్నాక మొహియుద్దీన్ కండువాతో మొహం తుడుచుకుని, "పొద్దుగాల వచ్చి తీస్కపోత" అని వెళ్ళిపోయాడు.

నాగవల్లి రెండు ప్రకటనలనూ రెండు నల్ల పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించింది. రెండూ ఒకే షాపులో కొన్న కవలలు. గుర్తుగా ఫ్యాక్టరీదానికి అద్దం మీదున్న పాత బొట్టుబిళ్ళ ఒకటి తీసి అంటించింది. తెల్లవారేసరికి ఆ బొట్టుబిళ్ళ రెంటికీ మధ్య బల్ల మీద పడి ఉంది. జిగురు ఎప్పుడో చచ్చిపోయింది మరి.

ల్యాప్‌టాప్‌లో పెట్టి చూసుకుంటే రెండు నిమిషాల పని. కింద మొహియుద్దీన్ ఆటో హారన్ మోగుతోంది, వంటింట్లో నాగరత్నం గారి మిక్సీ మోగుతోంది, ఫ్యాక్టరీకి కట్టుకెళ్ళాల్సిన చీర ఇంకా ఇస్త్రీ కాలేదు. ఎడమవైపుదే ఫ్యాక్టరీదని మనసుకు తోచింది. దానికే బొట్టు పెట్టి, రెండోది పట్టుకుని మెట్లు దిగింది.

"నిన్న నేనొక్కన్నే ఇన్న బేటీ. ఆలంబీ ఇనలే. ఒక్కపారి ఇనిపియ్యి, జెర" అన్నాడు మొహియుద్దీన్. వెనక ఆలంబీ అప్పుడే చీరకొంగు చెవుల వెనక్కి సర్దుకుని, కళ్ళు మూసుకుని సిద్ధంగా కూర్చుంది.

"పదకొండు సార్లు విన్నారు! ఇక వినాల్సింది మీరు కాదు, కొనేవాళ్ళు. నాకవతల ఫ్యాక్టరీ పనుంది" అని నాగవల్లి పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. ఆ మాట అన్న తీరు ఆమెకే నచ్చలేదు. కానీ వెనక్కి వెళ్ళి సర్దుకునే తీరిక లేదు. మొహియుద్దీన్ పెన్‌డ్రైవ్‌ను జేబులో వేసుకున్నాడు. ఆలంబీ కళ్ళు తెరిచి సలాం చేసింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర సెల్‌ఫోన్ తీసుకుని టోకెన్ ఇచ్చారు. పెన్‌డ్రైవ్‌ను కవర్లో పెట్టి సీలు వేశారు. డ్రిల్లు సంగతి ముందే బయటికి పొక్కకూడదని దాన్ని ఎవరూ వినరాదట. "హెడ్డాఫీసు నుంచి సూర్యప్రకాశరావు సార్ వచ్చిండు. ఐదు నిమిషాల లోపల జనం బయటికొస్తే ఈ రోజే మీకు కాంట్రాక్టు. రాకుంటే నా నౌకరే డౌటు" అని పవన్‌కుమార్ చెమట తుడుచుకున్నాడు. సూర్యప్రకాశరావు స్టాప్‌వాచీ పట్టుకుని గేటు పక్క చెట్టు నీడన నిలబడ్డాడు.

పదకొండున్నరకు ఫ్యాక్టరీ మైకులన్నీ ఒక్కసారి గరగరమన్నాయి. సైరన్ కోసం నాగవల్లి చెవులు మూసుకుంది.

"అమ్మా... ఓ అక్కా..."

ఆమె చెవుల మీంచి చేతులు తీసింది. పవన్‌కుమార్ ఆమె వంక చూశాడు. ఆమె నేల వంక చూసింది. "చేతిల పని గట్లనే ఇడిచిపెట్టి బయటికి రాండ్రి" అని ఆ గొంతు ఎంతో ఆప్యాయంగా పిలుస్తోంది.

జనం వచ్చారు. కంపెనీ ఉల్లిగడ్డలు పంచుతోందన్న మాట ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు మైకుకన్నా వేగంగా పాకింది. హెల్మెట్లు సంచుల్లా పట్టుకుని వచ్చారు. క్యాంటీన్ ముత్యమ్మ బకెట్ తెచ్చింది. బీహార్ కుర్రాళ్ళు "ప్యాజ్ కిధర్ హై?" అంటూ వచ్చారు. ఉరకొద్దన్నారని ఎవరూ ఉరకలేదు, నెట్టుకోవద్దన్నారని ఎవరూ నెట్టుకోలేదు. నాలుగు వందల మంది గేటు ముందు వరుసలో నిలబడ్డారు.

"మూడు నిమిషాల నలభై సెకన్లు!" అన్నాడు సూర్యప్రకాశరావు. "పవన్‌కుమార్ గారూ, ఏం బుర్రండీ మీది! ప్రమాదమంటే మనిషి బిగుసుకుపోతాడు. ఇంటి పిలుపైతే కదులుతాడు. ఇన్నేళ్ళలో ఇది మాకెవరికీ తట్టలేదండీ!"

పవన్‌కుమార్ మొహంలో రంగులు మారి చివరికి ఒక మంచి రంగు దగ్గర ఆగాయి. "అవును సార్. నేనే చెప్పిన మేడమ్‌కు. ఏడుసార్లు మార్పిచ్చిన" అన్నాడు.

పది నిమిషాల్లో కాగితం తయారైంది. నాగవల్లి సంతకం పెట్టి, పెన్ను మూత పెడుతుండగా అప్పుడు తట్టింది. ఉల్లిగడ్డలు ఇక్కడుంటే విషవాయువు ఎక్కడుంది? అంతసేపూ తనకు మొహియుద్దీన్ గుర్తే రాలేదని తెలిసి ఆమెకు సిగ్గేసింది. గేటు దగ్గర ఫోన్ తీసుకుంటే అత్తగారి నుంచి పదిహేడు కాల్స్ ఉన్నాయి.

కాలనీలో జరిగింది ఇది. మొహియుద్దీన్ మార్కెట్లో సరుకు ఎత్తుకుని కాలనీకి తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. పటాన్‌చెరులో కాపురముండేవాళ్ళకు విషవాయువు లీకయిందంటే రెండోమాట అడిగే అలవాటు లేదు. సైరన్ మోగడంతోనే తలుపులు తెరుచుకున్నాయి. అందరికన్నా ముందు నమ్మినవాడు మొహియుద్దీన్. సైరన్ ఏదో ఫ్యాక్టరీ నుంచి వస్తోందనుకున్నాడు. తన నెత్తి మీది స్పీకరే అరుస్తోందని అతనికి తట్టలేదు. కాలనీలో నడవలేని ముసలివాళ్ళున్నారని మాత్రం వెంటనే తట్టింది. బస్తాలు విప్పి ఉల్లిగడ్డలన్నీ రోడ్డు మీద పారబోసి, ముగ్గురు ముసలమ్మలను ఎక్కించుకున్నాడు. అందులో కుక్కర్‌తో సహా నాగరత్నం గారు ఒకరు. ఇంకెవరైనా మిగిలిపోయారేమోనని గల్లీ గల్లీ తిరిగాడు. అతను ఎటు పోతే సైరన్ అటే వస్తోంది. గ్యాస్ తరుముకొస్తోందనుకుని ఇంకా వేగం పెంచాడు.

సంగతి మొదటి నిమిషంలోనే తెలిసింది ఆలంబీ ఒక్కదానికే. కాంటా పళ్ళెం తీసి డ్రైవరు వెనక రేకు మీద దబదబా బాదింది, పైనున్న స్పీకరు వైపు వేలు చూపించింది. "డర్ మత్ ఆలంబీ, అందర్ని కాపాడుకుందం" అని అతను ముందుకే ఉరికించాడు.

నాగవల్లి చేరేసరికి రెండు వందల మంది సర్వీసు రోడ్డు మీద ముక్కులకు కొంగులు, కండువాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కానిస్టేబుల్ నరేష్ అప్పటికే స్పీకరు వైరు పీకేశాడు. భయం పోయినచోట కోపం వచ్చింది. అందరూ మొహియుద్దీన్‌నే తిడుతున్నారు.

"ఎవడు రికార్డు చేసిండయ్యా గిది? పేరు చెప్పు" అన్నాడు నరేష్.

మొహియుద్దీన్ గుంపులో నాగవల్లిని చూశాడు. ఆమె భుజానికున్న బ్యాగును, ఇస్త్రీ చీరనూ చూశాడు. "బజార్ల కొన్న సార్. ఎవలదో ఎర్క లేదు. తప్పు నాదే" అన్నాడు.

నాగవల్లి నోరు తెరవాల్సిన క్షణం అదే. బ్యాగులో కాగితం ఉంది. ఈ మాట ఫ్యాక్టరీకి చేరితే ఆ కాగితం ఉంటుందో ఊడుతుందోనన్న లెక్క ఒకటి మనసులో మొదలైంది. గొంతు అమ్ముకుని బతికే మనిషికి అర నిమిషం పాటు గొంతు పెగల్లేదు.

ఆ అర నిమిషంలో నాగరత్నం గారు ఆటో దిగారు. "బజార్లో కొనడమేమిటయ్యా? అది మా కోడలి గొంతే! అందుకేగా నమ్మి చెప్పుల్లేకుండా వచ్చేశాను. నాగవల్లి ఊరికే అబద్ధమాడదని!"

అప్పుడు నాగవల్లి చెప్పింది. పెన్‌డ్రైవ్ తానే మార్చానంది, ఒక్కసారి వినిపించమంటే వినిపించలేదంది. ఆలస్యంగా చెప్పిన నిజానికి బరువు తక్కువని చెబుతుండగానే ఆమెకు అర్థమైంది. నరేష్ నవ్వేసి, "పోన్లే మేడమ్, మీరు చదువుకున్నోళ్ళు" అని ఆమెను వదిలేసి, స్పీకరు మాత్రం స్టేషనుకు తీసుకుపోయాడు. జనం ఇళ్ళకు పోతూ రోడ్డు మీద ఉల్లిగడ్డలు ఏరారు. కొందరు ఆటోలో వేశారు, కొందరు సంచుల్లో వేసుకున్నారు. "ఊరికే తొక్కుడుపడి పోతాయని తెచ్చానే" అని నాగరత్నం గారు కుక్కర్ నిండా తెచ్చారు. సాయంత్రం నాగవల్లి వాటిని కోస్తూ కూర్చుంది. ఉల్లిగడ్డలే కనక కళ్ళెందుకలా ఉన్నాయని ఎవరూ అడగలేదు.

వారం తర్వాత స్పీకరు తిరిగొచ్చిందని తెలిసి ఆమె మొహియుద్దీన్ ఇంటికి వెళ్ళింది. మళ్ళీ రికార్డు చేస్తానంది, ఎన్నిసార్లయినా వినిపిస్తానంది.

"ఇగ వద్దు బేటీ. నా స్పీకర్ మోగితే జనం ఉరుకుతున్నరు. ఆటో దిక్కు గాదు, అటు దిక్కు" అన్నాడు. తర్వాత మెల్లగా, "నేనే నిన్ను మస్తు పరేషాన్ చేసిన. పదకొండు సార్లంటే ఎవలకైనా కోపమొస్తది" అన్నాడు. అతను తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

నాగవల్లి ఫోన్‌లో ఆ పదకొండో పిలుపు తీసి ఆలంబీ చెవి దగ్గర పెట్టింది. ఆలంబీ కళ్ళు మూసుకుంది. "అందరికీ దొరుకుతది" దాకా విని కళ్ళు తెరిచింది. నాగవల్లి చెంప మీద చెయ్యి వేసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. గాలిలో పొడవాటి గీత గీసి, చివర ఇంకా మెల్లగా, ఇంకా కిందికి దించి చూపించింది.

నాగవల్లి ఇంటికొచ్చి బీరువాలో కూర్చుని పన్నెండోసారి రికార్డు చేసింది. ఈసారి చివర సరిగ్గా దిగింది. వాడేవాళ్ళెవరూ లేరు కనక, కనీసం ఆ పదకొండోదే వాడుతున్న ఫ్యాక్టరీలోనైనా సరైనది మోగనీ అని పవన్‌కుమార్‌కు ఫోన్ చేసి, కొత్తది పంపుతాను, ఒక్కసారి వినమని బతిమాలింది.

"అవసరం లేదు మేడమ్, ఉన్నదాంట్ల ఒక్క తప్పు గూడ లేదు" అన్నాడు పవన్‌కుమార్.