నల్లకారు రంగు సంరక్షణ కమిటీ

దేవుడు మనిషిని మట్టితో చేశాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మరి ఆ మట్టే కాస్త మీద పడితే మనకు ఇంత కంగారెందుకో ఏళ్ల తరబడి నాకు అర్థం కాలేదు. ఈ ఎండాకాలం మా కమలాపురంలో సంఘపెద్ద గాబ్రియేలు గారు నల్లకారు కొన్నాక అర్థమైంది. మనిషి మీద పడిన మట్టి కడిగితే పోతుంది. నల్లకారు మీద పడినది తుడిస్తే గీతవుతుంది.

కారు వచ్చిన ఆదివారం ఆరాధన ముగిశాక ఆయన గుడిమెట్ల మీద నిలబడి ప్రసంగించారు. “ఈ వాహనం నాది కాదు, ప్రభువుది. సంఘంలో ఎవరికి ఆపద వచ్చినా దీని తలుపు తెరిచే ఉంటుంది. మొదటి ప్రయాణం మన రాహేలమ్మక్కది.”

రాహేలమ్మకు డెబ్బై దాటాయి. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికంటికి వచ్చే వారం శుక్రవారం కడపలో ఆపరేషన్. ఆ రోజు తప్పితే మళ్లీ మూడు నెలలకు గాని వంతు రాదు, అంతవరకు ఆ కన్ను నిలవదు అని డాక్టరు చెప్పాడు. బస్సు మెట్లు ఆమెకు కనబడవు. అందుకని అందరం చప్పట్లు కొట్టాం.

మా సంఘంలో కొత్తది ఏది వచ్చినా, కుట్టుమిషనైనా బోరు మోటారైనా, అందరూ దాని మీద చేతులుంచి ప్రార్థించడం ఆచారం. దుమ్ము మీద చేయి పెట్టడం మర్యాద కాదు గనుక వంతులవారీగా ఎవరి చోటును వారు తువ్వాలుతోనో కొంగుతోనో గుండ్రంగా, భక్తిగా తుడిచారు. నేను బానెట్టు తుడిచాను. మధ్యాహ్నపు ఎండ పడేసరికి కారు నిండా సాలెగూడు లాంటి సన్నని సుడిగీతలు కనిపించాయి. నూటపది మంది భక్తి అందులో స్పష్టంగా నమోదైంది.

వెంటనే రంగు సంరక్షణ కమిటీ ఏర్పడింది. నన్ను ఏకగ్రీవంగా కార్యదర్శిని చేశారు. మొదటి తీర్మానం: ఇకపై కారు కోసం ప్రార్థించేవారు నాలుగడుగుల దూరంలో నిలబడి చేతులు చాపవలెను. రెండవది: బోరునీళ్లు ఆరితే తెల్లమచ్చలు పడతాయి గనుక కారుకు తాగునీటి క్యాన్లే వాడవలెను. ఆ వారం ఆదివారపు బడి పిల్లలు బోరునీళ్లు తాగారు. వాళ్లకు మచ్చలేమీ పడలేదు కాబట్టి తీర్మానం సరైనదేనని తేలింది.

కడప నుంచి రబ్బానీ వచ్చాడు. కార్లకు పాలిషు పట్టడం అతని పని. కారు కడిగి, మెత్తని స్పాంజి బిళ్ల బిగించిన మిషను తిప్పి ఒక్కపూటలో గీతలు పోగొట్టాడు. గాబ్రియేలు గారు సెల్లు లైటు వేసి వెతికి ఇంకొక గీత పట్టుకున్నారు. మళ్లీ పాలిషు. మళ్లీ సెల్లు లైటు. మూడోసారి రబ్బానీ మిషను కింద పెట్టాడు.

“సార్, గీత ఒక్కటే పోదు. దాంతోపాటు పైపొర కూడా రవ్వంత పోతాది. ఇట్లే రుద్దుతా పోతే గీతలుండవు, రంగూ ఉండదు. రంగు మీద కాపుగా కోటింగు ఏపిచ్చి తోలుకోండి. తిరిగే బండికి గీతలు పడతాయి సార్.”

ఇన్ని మాటల్లో కమిటీకి కోటింగు ఒక్కటే నచ్చింది. బుధవారం వేయించాం. వారం రోజులు నీటిచుక్క తగలకూడదని చెప్పి రబ్బానీ వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే కొండల వైపు మబ్బు పట్టింది. నాలుగు నెలలుగా వాన కోసం ఉపవాస ప్రార్థనలు చేస్తున్న సంఘం, బుధవారం దాకా వాన రాకూడదని ప్రత్యేక కూడిక పెట్టుకుంది. దుక్కి దున్ని ఆకాశం చూస్తున్న రైతులు కూడా ఆమేన్ అన్నారు. నాకూ రెండెకరాలుంది. నేనూ అన్నాను. ఇంతలో గాలి లేచి కారు షెడ్డు మీద కప్పిన టార్పాలిన్ ఎగరసాగింది. కమిటీ సభ్యులం తలా ఒక అంచు పట్టుకున్నాం.

అప్పుడు రాహేలమ్మ చేతిసంచితో వచ్చింది. మా ఇంటామె మహిమ ఆమెను నడిపించుకొస్తోంది.

“అక్కా, బుధవారానికి కోటింగు గట్టిపడతాది,” అన్నారు గాబ్రియేలు గారు. “ఓపిక పట్టు. ఓపిక మీద మొన్ననే ప్రసంగం చేసినా గదా.”

“నేనైతే పడతాలేప్పా,” అంది రాహేలమ్మ. “కన్నుకు చెప్పి సూస్తా.”

మహిమ రోడ్డు మీదికి పోయి చెయ్యెత్తింది. వంకాయలు వేసుకుని కడప పోతున్న మా ఊరి పీర్ బాషా ఆటో ఆపి, గంపలు వెనక్కి నెట్టి ఇద్దరికీ చోటు చేశాడు. రాహేలమ్మను ఎక్కించడానికి నేను కదలబోయాను గాని చేతిలో టార్పాలిన్ ఉంది.

“మీరు పట్టుకోండి, జారిపోతాది,” అంది మహిమ.

చినుకులు మొదలయ్యాయి. పీర్ బాషా సీటు కింద నుంచి కవరు తీసి, అందులోని కొత్త నూలుచీర విప్పి రాహేలమ్మ తల మీదుగా కప్పాడు.

“ముప్పై నాలుగేండ్ల కింద నేను పుట్టినప్పుడు మాయమ్మ జైనాబ్ బీ నన్ను చుట్టింది నీ చీరలోనే పెద్దమ్మా. అది మళ్లా ఇయ్యలేదని పోయేదాకా అంటానే ఉండె. రంజాన్‌కు కొంటి. మీ ఇంటికి రావల్ల, రావల్ల అనుకుంటానే బండిలో పెట్టుకోని తిరుగుతాండా.”

రాహేలమ్మ చీర అంచు వేళ్లతో తడిమింది. “రంగేమప్పా?”

“రేపు కట్టు ఇప్పినాక నువ్వే సూస్తువులే.”

ఆటో కదిలింది. ముప్పై నాలుగేళ్ల చీర బాకీ మా కళ్లముందే తీరింది. మేమెవ్వరమూ టార్పాలిన్ వదల్లేదు.